సిగ్గు ఎవరిది?
(విశాఖపట్నం బస్తీ సభలో చేసిన ప్రసంగం)



యుద్ధమంటే సరిహద్దులోనే జరుగుతాదనుకోకండి. మావోయిస్టుల వేట పేరుతో మన ఏజెన్సీలో ఏళ్ల తరబడి నడిచిందీ యుద్ధమే. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లికి గాలింపుకొచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమను చెరిచారని 11 మంది కోందు ఆదివాసీ స్త్రీలు చెప్పారు. తీర్పు 2023 ఏప్రిల్ 6న ఈ విశాఖ కోర్టులోనే వచ్చింది. దర్యాప్తు సరిగా జరగలేదంటూ 13 మంది పోలీసుల్నీ వదిలేసింది. ఆ స్త్రీలకు మాత్రం పరిహారం ఇమ్మంది. దెబ్బే తగలకపోతే పరిహారం దేనికి? మేం అడుగుతున్నాం.

పదిహేనున్నరేళ్లంటే ఏటి? చంకలో బిడ్డ పెళ్లీడుకొస్తాది. తీర్పు వినకుండానే ఇద్దరు కన్నుమూశారు. ఇలాంటి దాడి ఆ ఒక్కరోజుతో పోదు. సంతకెళ్లినా, సంబంధానికెళ్లినా "ఆ ఊరోళ్లా?" అనే చూపు వెంటాడతాది. మరోచోట అన్యాయం జరిగితే "చెప్పుకుని వాళ్లేం బాగుపడ్డారు?" అని నోళ్లు మూసుకుంటాయి. దాడి చేసినోడికి కావలసిందీ అదే.

1971 యుద్ధంలో చెరచబడ్డ స్త్రీలకు బంగ్లాదేశ్ ప్రభుత్వం 'వీరాంగన' అని బిరుదిచ్చింది. అయినా ఎందరినో అయినవాళ్లే గడప తొక్కనివ్వలేదు. బిరుదుతో, డబ్బుతో తీరేది కాదిది.

అందుకే మన పని మనమే చెయ్యాలి. వాయిదాకెళ్లే ఆడమనిషికి తోడెళ్దాం. పోయిన కూలి చందాలేసి ఇద్దాం. పెళ్లికీ పేరంటానికీ ఆమెనే ముందు పిలుద్దాం. సిగ్గు ఆమెది కాదు, చేసినోడిది. కాపాడినోడిది. చూసీ ఊరుకుంటే మనది కూడా.

జై భీమ్!