మొదటి ఎలిజబెత్ రాణి: ఆమె చదువు, ఆమె పాలన
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు బడి డెబ్బై ఐదేళ్ళ పండుగలో ఇంగ్లండు రాణి ప్రస్తావన ఏమిటని కొందరికి తోచవచ్చు. చరిత్ర బోధించే దానిని గనుక చరిత్ర నుండే ఏదైనా చెప్పమని ఉత్సవ సంఘం వారు కోరారు. నేను ఎన్నుకున్నది 2022లో కీర్తిశేషురాలైన రెండవ ఎలిజబెత్‌ను కాదు. 1558 నుండి 1603 వరకు నలభై నాలుగేళ్ళు ఏలిన మొదటి ఎలిజబెత్‌ను. ఆమె పేరు చెప్పగానే స్పానిష్ ఆర్మడా, షేక్‌స్పియర్, ఈస్టిండియా కంపెనీ అని మన పిల్లలు వల్లెవేస్తారు. మార్కులకు అది చాలు. నాకు మాత్రం ఆ రాణిలో ముందుగా కనిపించేది ఒక విద్యార్థిని. చిన్ననాటి చదువే ఆమె ప్రాణాన్ని కాపాడిందని నా నమ్మకం.

1533 సెప్టెంబరు 7న గ్రీనిచ్ రాజప్రాసాదంలో ఆమె జన్మించినప్పుడు తండ్రి ఎనిమిదవ హెన్రీకి కలిగినది నిరాశే. మగబిడ్డ కోసం మొదటి భార్యను విడనాడి, రోము మతపీఠంతో తెగతెంపులు చేసుకొని, ఆన్ బోలిన్‌ను పెండ్లాడిన రాజు ఆయన. తీరా పుట్టినది ఆడపిల్ల. ఆ పిల్లకు మూడేళ్ళు నిండకమునుపే, 1536 మే 19న, లండన్ టవర్ దుర్గంలో తల్లికి శిరచ్ఛేదం జరిగింది. బిడ్డను అక్రమ సంతానమని శాసనం చేశారు. ఆ తరువాత తండ్రి మరి నలుగురిని వివాహమాడాడు. వారిలో చివరిదైన కేథరిన్ పార్ విదుషీమణి. సవతి బిడ్డలను చేరదీసిన సహృదయ. 1544 చివర, పదకొండేళ్ళ ఎలిజబెత్ నవార్ రాణి మార్గరీత్ రచించిన ఫ్రెంచి భక్తికావ్యాన్ని ఆంగ్లంలోకి అనువదించి, కుట్టుపనితో అలంకరించిన అట్ట వేసి, ఆ సవతి తల్లికి నూతన సంవత్సర కానుకగా పంపింది. ఆ చిన్న పుస్తకం ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో నేటికీ భద్రంగా ఉంది.

1548లో గురువు గ్రిండల్ ప్లేగు వాతబడగా, ఆయనకు గురువైన రోజర్ ఆస్కమ్ ఆమెకు చదువు చెప్పడానికి వచ్చాడు. ఉన్నది రెండేళ్ళే. ఉదయం గ్రీకు, మధ్యాహ్నం లాటిన్. ఆయన బోధనా పద్ధతిని ఉపాధ్యాయులు గమనించాలి. సిసెరో లేఖ నొకదానిని విద్యార్థి లాటిన్ నుండి ఇంగ్లీషులోకి వ్రాయాలి. మూలాన్ని తీసివేసి, కనీసం ఒక గంట గడిచాక, తన ఇంగ్లీషును తిరిగి లాటిన్‌లోకి మార్చాలి. అప్పుడు గురువు మూలాన్ని పక్కన పెట్టి రెండింటినీ పోల్చి చూపుతాడు. బాగున్నచోట మెచ్చుకొంటాడు, తప్పినచోట, సిసెరో అయితే ఇక్కడ ఈ మాట వాడేవాడని మృదువుగా చెబుతాడు. బెత్తానికి పని లేదు. 1563లో విండ్సర్ కోటలో భోజనాల వేళ, దెబ్బలకు జడిసి ఈటన్ పాఠశాల బాలురు కొందరు పారిపోయారన్న వార్త వినబడిందనీ, ఆనాటి చర్చయే తన గ్రంథానికి కారణమైనదనీ ఆస్కమ్ వ్రాసుకున్నాడు. ఆయన మరణానంతరం 1570లో ఆ గ్రంథం అచ్చయింది. అందులో ఆయన ఉదాహరణగా చూపిన ఉత్తమ విద్యార్థిని ఎలిజబెత్తే.

మన ఎనిమిదవ తరగతి పిల్లల చేత తమిళ పేరాను తెలుగులోకి, ఆ తెలుగును మరల తమిళంలోకి వ్రాయిస్తున్నాము. ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, పుస్తకంలో మరొక భాషగా పెరిగే మన పిల్లలకు ఇది భారం కాదు. వారికి పుట్టుకతో వచ్చిన సౌకర్యం. “తెలుగులో చదివితే ఏమొస్తుందమ్మా?” అని నన్నడిగే తల్లిదండ్రులకు ఒక మాట మనవి చేస్తాను. ఆ రోజులలో ఇంగ్లీషు ఒక ద్వీపవాసుల చిన్న భాష. ఐరోపా రాయబారులలో అది తెలిసినవారు అరుదు. పండితులు వ్రాసేది లాటిన్‌లో. 1545లో విలువిద్యను గూర్చి ఇంగ్లీషులో పుస్తకం వ్రాసిన ఆస్కమ్, ఆ భాషలో ఎందుకు వ్రాశానో పీఠికలో సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది!

ఇక చదువు ప్రాణాన్ని కాపాడిన సంగతి. 1553లో అక్క మేరీ రాణి అయింది. మరుసటి ఏడు ఆమెపై వయట్ అనే ప్రభువు తిరుగుబాటు చేయగా, అనుమానం ఇరవై ఏళ్ళ ఎలిజబెత్‌పై పడింది. 1554 మార్చి 17న ఆమెను లండన్ టవర్‌కు తీసుకొనిపోవడానికి ఇద్దరు ప్రభువులు వచ్చారు. తల్లి తల తెగిన చోటది. అక్కగారికి ఒక ఉత్తరం వ్రాసుకోనిమ్మని ఆమె వారిని వేడుకొంది. థేమ్స్ నదిలో పోటుపాట్లను బట్టి గాని లండన్ వంతెన క్రిందుగా పడవ సాగదు. ఆమె నింపాదిగా వ్రాస్తూ ఉండగా నీటి అదను తప్పిపోయింది. ప్రయాణం మరునాటికి వాయిదా పడింది. రెండవ పుట చాలవరకు ఖాళీగా మిగిలితే, శత్రువులెవరైనా తన మాటల క్రింద తమ మాటలు చేర్చగలరని, ఆ ఖాళీ అంతటా ఏటవాలు గీతలు గీసి, అట్టడుగున సంతకం చేసింది. చావు ఎదుట నిలిచి కూడా కాగితంలోని ఖాళీ జాగాను మరువని ఆ జాగ్రత్తను తలచుకొన్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మేరీ ఆమెకు దర్శనమివ్వలేదు. అయినా విచారణలో ఆమె నోట గాని వ్రాతలో గాని నేరానికి తావిచ్చే మాట ఒక్కటి దొరకలేదు. రెండు నెలలకు, మే 19న, సరిగ్గా తల్లి మరణించిన తేదీనాడే, టవర్ నుండి ఆమెను బయటకు పంపి వుడ్‌స్టాక్‌లో నిర్బంధంలో ఉంచారు.

1558 నవంబరు 17న మేరీ మరణించగా ఇరవై ఐదేళ్ళ ఎలిజబెత్ రాణి అయింది. విలియం సెసిల్‌ను మంత్రిగా ఎన్నుకొంది. 1598లో ఆయన కన్నుమూసే వరకు ఆ నమ్మకం సడలలేదు. 1559లో చర్చికి తానే అధినేత్రి అయినా, తండ్రి పెట్టుకొన్న ‘శిరస్సు’ అనే బిరుదును వదలి ‘పాలకురాలు’ అన్న మాటను స్వీకరించింది. ఒక్క పదం మార్పుతో కొందరి అభ్యంతరమైనా చల్లబడింది. వివాహం చేసుకోమని 1563లోను, 1566లోను పార్లమెంటు ఒత్తిడి చేసింది. ఆమె అవుననలేదు, కాదనలేదు. సభ్యులు ఇంటికి వెళ్ళి ఆలోచించుకోవలసిన సమాధానాలు చెప్పి పంపింది. పెండ్లిమాట వచ్చినప్పుడల్లా ఇటువంటి నేర్పు మన అమ్మాయిలకూ ఉంటే, పదవ తరగతితోనే చదువు మాన్పించే ఇండ్లు ఇంకా తగ్గేవేమో. తల్లిదండ్రులు నవ్వుతున్నారు గాని, నేను పరిహాసానికి అనలేదు.

అయితే అదే నేర్పు ఒక్కొక్కప్పుడు నాకు రుచించదు. 1568లో శరణు కోరి వచ్చిన స్కాట్లండు రాణి మేరీని పందొమ్మిదేళ్ళ పాటు బందీగా ఉంచి, 1587 ఫిబ్రవరి 8న శిరచ్ఛేదం చేయించారు. ఉత్తరువుపై ఎలిజబెత్ స్వయంగా సంతకం చేసింది. పని ముగిశాక, దానిని పంపమని తాను చెప్పలేదంటూ కార్యదర్శి డేవిసన్‌ను చెరలో వేయించింది. ఆమె ఏలుబడిలో వందకు పైబడి కాథలిక్కు పురోహితులు ఉరికంబమెక్కారు. ఆఫ్రికా వాసులను పట్టి బానిసలుగా అమ్మే హాకిన్స్‌కు 1564లో ఆమె తన నౌకనే అద్దెకిచ్చింది. 1588లో నూట ముప్ఫై నౌకల స్పెయిన్ ఆర్మడా ఓడిన కథ మీకు తెలిసినదే. గెలిపించిన నావికులు జీతాలందక, జ్వరాలపాలై రేవులలో రాలిపోయిన కథ పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు. వీటిని దాచి ఆమెను దేవతగా చూపడం చరిత్ర బోధన కాజాలదు.

1600 డిసెంబరు 31న లండన్ వర్తకులకు తూర్పు దేశాల వ్యాపారంపై పదిహేనేళ్ళ గుత్తహక్కు నిచ్చే పత్రం ఆమె పేర వెలువడింది. 1611లో ఆ కంపెనీ నౌక మచిలీపట్నం చేరింది. 1639లో తెలుగు నాయకులైన దామెర్ల వారు చోటివ్వగా, మనమిప్పుడు కూర్చున్న ఈ చెన్నపట్నంలో వారి కోట లేచింది. నాయకులు తమ తండ్రి చెన్నప్ప పేరు ఊరికి నిలిపారు. ఆ పత్రం వెలువడిననాడు ఆ రాణి గాని, మన పూర్వులు గాని దీనిని ఊహించి ఉండరు.

చదువును మాత్రం ఆమె తుదివరకు వదలలేదు. మరణశిక్షకు ఎదురుచూస్తూ చెరలో బొయీథియస్ రచించిన లాటిన్ తత్వగ్రంథాన్ని 1593లో, అరవై ఏళ్ళ వయస్సులో, కొద్ది వారాలలోనే ఇంగ్లీషులోకి అనువదించింది. 1597లో పోలండు రాయబారి నిండు సభలో లాటిన్‌లో దురుసుగా మాట్లాడగా, అప్పటికప్పుడు అదే భాషలో అతనిని గడగడలాడించింది. ముందుగా వ్రాసుకొన్నది కాదు.

ఇంతటి విదుషి తోటి ఆడపిల్లల చదువు కోసం ఏ ఏర్పాటూ చేసినట్లు కనిపించదు. ఆమె పేర 1571లో ఆక్స్‌ఫర్డులో జీసస్ కళాశాల, 1592లో డబ్లిన్‌లో ట్రినిటీ కళాశాల వెలిశాయి. స్త్రీలకు ట్రినిటీ తలుపులు 1904లో గాని, జీసస్ కళాశాల తలుపులు 1974లో గాని తెరుచుకోలేదు. రాణి స్థాపించిన కళాశాలలో ఒక అమ్మాయి కూర్చొని చదువుకోవడానికి నాలుగు వందల మూడేళ్ళు పట్టింది. ఈ లెక్క తరగతిలో చెప్పినప్పుడల్లా ఆడపిల్లల బల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమవుతాయి.

1603 మార్చి 24న రిచ్‌మండ్‌లో, అరవై తొమ్మిదవ ఏట ఆమె కన్నుమూసింది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో, తనను చెరలో వేయించిన అక్క మేరీతోపాటు ఒకే సమాధిలో ఉన్నది.

చివరగా ఒక చిన్న సంగతి. లండన్‌లోని లాంబెత్ ప్రాసాద గ్రంథాలయంలో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ గ్రంథానికి ఒక అనువాదం ఎవరిదో తెలియక పడి ఉండేది. 2019లో ఒక పరిశోధకుడు అది ఎలిజబెత్‌దేనని నిర్ధారించాడు. ప్రతి వ్రాసినది లేఖకుడు, దిద్దుబాట్లు రాణివి. చిన్నతనంలో ముత్యాలవంటి దస్తూరి గల ఆమెకు వయసు మళ్ళాక చేతివ్రాత అధ్వాన్నమైంది. ఆ గిలుకుడు వ్రాతే ఆమెను పట్టి ఇచ్చింది. ఈ ఒక్క విషయం మాత్రం ఆరవ తరగతి పిల్లలకు చేరవేయవద్దని పెద్దలకు నా మనవి.