బాజీరావ్ మస్తానీ: ఫ్రెండ్స్ ఒక మాట, పుణె ఒక మాట, అమ్మ ఒక మాట

ఈరోజు ఎపిసోడ్ ఒక హిందీ సినిమా గురించి. రివ్యూ మాత్రం కాదండి. పదేళ్ల కింద వచ్చిన సినిమాకి ఇప్పుడు రివ్యూ ఏం చెప్తాం? ఒకే సినిమాని నా చుట్టూ ఉన్న వాళ్లు ఒక్కొక్కరు ఒక్కో రకంగా చూశారు. ఆ అభిప్రాయాలన్నీ మీ ముందు పెడతాను, చివర్లో నాది కూడా చెప్తాను. ఆ సినిమా బాజీరావ్ మస్తానీ. ఇంక ఆలస్యం చేయకుండా మ్యాటర్‌లోకి వెళ్లిపోదాం.

ముందు చూడని వాళ్ల కోసం రెండు ముక్కల్లో కథ. సంజయ్ లీలా భన్సాలీ డైరెక్షన్, 2015 డిసెంబర్ 18న రిలీజ్. నాగనాథ్ ఇనామ్‌దార్ మరాఠీలో రాసిన 'రాఊ' అనే నవల దీనికి ఆధారం. మరాఠా పేష్వా మొదటి బాజీరావ్ బుందేల్‌ఖండ్ రాజు ఛత్రసాల్‌కి యుద్ధంలో సాయం చేస్తాడు. అక్కడ రాజుగారి కూతురు మస్తానీతో ప్రేమ. కానీ ఇంట్లో భార్య కాశీబాయి ఉంది. మస్తానీ తల్లి ముస్లిం. పుణెలో ఆయన తల్లి, తమ్ముడు, పురోహితులు ఎవరూ మస్తానీని ఒప్పుకోరు. రణ్‌వీర్, దీపిక, ప్రియాంక. ఇదీ సినిమా.

మేము చూసినప్పుడు నేను బీటెక్ సెకండియర్. కాలేజీ ఘట్‌కేసర్ వైపు. నిజం చెప్తున్నా, మేము వెళ్లింది దీనికి కాదు. అదే రోజు షారుఖ్, కాజోల్ దిల్‌వాలే రిలీజ్. నలుగురం వెళ్తే దానికి ఒక్కచోట సీట్లు దొరకలేదు, సరే అని ఇందులో కూర్చున్నాం. దేశం మొత్తం మీద కూడా మొదటి రోజు దిల్‌వాలేనే ముందుంది, తర్వాత ఇండియా కలెక్షన్లలో బాజీరావే దాన్ని దాటేశాడు.

మా ఫ్రెండ్స్ అభిప్రాయం సింపుల్: "రణ్‌వీర్ కుమ్మేశాడు మామా." గుండు, పిలక, ఆ మరాఠీ యాస, నడక... నిజంగానే మనిషి మారిపోయాడు. కానీ యుద్ధాల దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఒకటే మాట, బాహుబలి ముందు ఇదెంత అని. అదే ఏడాది జూలైలో బాహుబలి మొదటి భాగం చూసిన కళ్లు కదా, ఇంకేం ఆనతాయి చెప్పండి! తమాషా ఏంటంటే, 63వ జాతీయ అవార్డుల్లో ఈ రెండూ మళ్లీ ఎదురుపడ్డాయి. ఉత్తమ చిత్రం బాహుబలి. ఉత్తమ దర్శకుడు భన్సాలీ. ఉత్తమ సినిమాటోగ్రఫీ సుదీప్ ఛటర్జీ, ఉత్తమ సహాయ నటి తన్వీ ఆజ్మీ, రెండూ బాజీరావ్ మస్తానీకే. ఈ తన్వీ ఆజ్మీ గారు గుర్తుండాలి మీకు, బాజీరావ్ తల్లి రాధాబాయి వేషం. మళ్లీ వస్తాం ఆమె దగ్గరికి.

ఇప్పుడు రెండో అభిప్రాయం. 2018లో నాకు పుణెలో జాబ్ వచ్చింది, హింజేవాడిలో. మా టీమ్‌లో ఒక మరాఠీ సీనియర్ ఉండేవారు, నలభై దాటిన మనిషి. లంచ్‌లో నేను ఈ సినిమా బాగుంటుంది అన్నాను. అంతే, ఆయన టిఫిన్ బాక్స్ మూత పెట్టేశారు! "పేష్వా అలా డాన్స్ చేస్తాడా? కాశీబాయి, మస్తానీ కలిసి చిందులేస్తారా?" అని క్లాస్ మొదలుపెట్టారు. ఆయనకి ఊరికే కోపం రాలేదండి. కాశీబాయికి కాలి సమస్య ఉండేదని, సరిగా నడవలేకపోయేదని చెప్తారు. అలాంటామె చేత 'పింగా' పాటలో సవతితో డాన్స్ చేయించారు. రిలీజ్‌కి ముందు పేష్వా వంశస్థులు కూడా ఈ పాట మీదే అభ్యంతరం చెప్పారు. పుణెలో నిరసనలు జరిగి కొన్ని షోలు ఆగిపోయాయి కూడా.

ఆ ఆదివారం ఆయనే నన్ను శనివార్‌వాడాకి తీసుకెళ్లారు. బాజీరావ్ కట్టించిన కోట. లోపల భవనాలు కాలిపోయాయి, పునాదులు, ప్రహరీ, దర్వాజాలు మిగిలాయి. ఉత్తరం వైపు ఒక దర్వాజా పేరు మస్తానీ దర్వాజా. కేల్కర్ మ్యూజియంలో మస్తానీ మహల్ అని ఒక గది తిరిగి నిలబెట్టారు. సినిమాలో అద్దాల మహల్ చూసి ఇక్కడికొస్తే ఇంతేనా అనిపిస్తుంది. కానీ నాకైతే ఆ చిన్న గదే ఎక్కువ నచ్చింది. అక్కడ మనుషులు బతికారు అనిపించింది.

ఆ సీనియర్ ఇంకో మాట అన్నారు. "మీ హైదరాబాద్ నిజాంని మా బాజీరావ్ ఎలా పట్టుకున్నాడో సినిమాలో సరిగ్గా చూపించారా?" నాకు సిగ్గనిపించింది. మనం స్కూల్లో అసఫ్ జాహీలు అని చదివాం కదా, ఆ వంశానికి మొదటివాడు ఖమరుద్దీన్ ఖాన్, నిజాం ఉల్ ముల్క్. సినిమాలో రజా మురాద్ వేసింది ఆ పాత్రే. ఆయన దగ్గర పెద్ద ఫిరంగుల బలగం ఉంది. బాజీరావ్ దగ్గర ఉన్నది గుర్రాలు, వేగం. నిజాం పుణె మీదికి వెళ్తే బాజీరావ్ అక్కడికి రానే రాలేదు. నిజాం ఇలాకాల మీద పడి, తిప్పి తిప్పి, ఆయన్ని తన వెనకాల పరిగెత్తించాడు. ఆ తొందరలో బరువైన ఫిరంగులు వెనకబడ్డాయి. చివరికి 1728 ఫిబ్రవరి 28న పాల్ఖేడ్ దగ్గర నీళ్లు, తిండి అందకుండా చుట్టుముట్టాడు. మార్చి 6న ముంగి శేవ్‌గావ్‌లో సంధి. దక్కన్‌లో చౌథ్, సర్దేశ్‌ముఖీ వసూలు చేసుకునే హక్కు మరాఠాలకి ఒప్పుకోవాల్సి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ సేనాని మాంట్‌గోమరీ కూడా తన యుద్ధ చరిత్ర పుస్తకంలో పాల్ఖేడ్‌ని మెచ్చుకున్నాడు. ఇంత మెదడు పెట్టి గెలిచిన మనిషిని సినిమాలో ఎక్కువగా కత్తి తిప్పుతూ చూపించారు. ఈ పాయింట్‌లో నేను వంద శాతం సీనియర్ పక్షమే.

మూడో అభిప్రాయం. ఇదండీ, అసలు ఈ ఎపిసోడ్ నేను చేయడానికి కారణం.

2020 లాక్‌డౌన్‌లో హనుమకొండలో ఇంటి నుంచి పని. ఒక రాత్రి అమ్మకి లాప్‌టాప్‌లో ఈ సినిమా పెట్టాను. అమ్మకి హిందీ సగం అర్థమవుతుంది, మిగతా సగం నేను చెప్తున్నా. అద్దాల్లో భర్తనీ మస్తానీనీ కాశీబాయి చూసే సీన్ దగ్గర అమ్మ, "అందరు ఆ ఇద్దరి ప్రేమ ప్రేమ అంటరు. ఈమె ఏం పాపం జేసింది బిడ్డా?" అంది. నేను అప్పటికి మూడుసార్లు చూశాను. ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదు. టెస్టింగ్ వాళ్ల భాషలో చెప్పాలంటే, హీరో వైపు నుంచి మాత్రమే రన్ చేసి అంతా పాస్ అనేసుకున్నా.

తర్వాత రాధాబాయి సీన్లు. కోడలని ఒప్పుకోకుండా మస్తానీని నాట్యకత్తెలుండే చోట ఉంచుతుంది. మస్తానీకి కొడుకు పుడితే కృష్ణ అని పేరు పెట్టడానికి పురోహితులు రామంటారు. అప్పుడు బాజీరావ్ కోపంతో ఆ పిల్లాడికి శంషేర్ బహాదుర్ అని పేరు పెడతాడు. 2015లో థియేటర్లో ఈ సీన్‌కి విజిల్ వేసిన వాళ్లలో నేను ఒకణ్ని.

ఇప్పుడు ఒక విషయం ఒప్పుకోవాలి. మా పెద్దమ్మ బిడ్డ, నాకు అక్క అవుతుంది, వేరే మతం అబ్బాయిని పెళ్లి చేసుకుంది. ఆ విజిల్ వేసిన ఆరు నెలలకి, 2016 ఎండాకాలంలో మా ఇంటి గృహప్రవేశం. నా చేతిరాత బాగుంటుందని కార్డుల మీద పేర్లు నాతోనే రాయించారు. అక్క పేరు ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. నేను అడగలేదు, రాయలేదు. చిన్నప్పుడు నాకు లెక్కలు నేర్పింది ఆ అక్కే.

అమ్మ ఆ పేరు పెట్టే సీన్ అయ్యాక స్పేస్ బార్ నొక్కమంది. కాసేపు ఊరుకుంది. తర్వాత, "మీ అక్క నంబర్ ఉన్నదా నీ దగ్గర?" అని అడిగింది. ఆ రాత్రి సినిమా అక్కడే ఆగిపోయింది. మిగతాది వారం తర్వాత చూశాం.

అమ్మ ఫోన్ చేసింది. అక్క రెండు నిమిషాలు మాట్లాడింది, బాగున్నావా చిన్నమ్మా, తిన్నావా, అంతే. ఇప్పుడు పండగలకి మాట్లాడుకుంటాం. ఇంటికి మాత్రం ఇంకా రాలేదు. కోపం ఉంది, ఉండాలి కూడా. నేను సారీ చెప్తే, "కార్డులో నా పేరు రాయనోడివి నువ్వే అని నాకు తెల్సు తమ్మీ, అన్ని కార్డులు నీ రాతేగా" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. యుద్ధాలు ఓకే, చరిత్ర చాలా చోట్ల మార్చారు, పాటలకి, కెమెరాకి దండం పెట్టొచ్చు. ప్రేమ గొప్పది అని సినిమా గట్టిగా చెప్తుంది. కానీ ఆ ప్రేమకి రేటు కట్టింది ఇద్దరు ఆడవాళ్లు. బాజీరావ్ 40 నిండకుండానే 1740 ఏప్రిల్ 28న నర్మద ఒడ్డున రావేర్‌ఖేడిలో జ్వరంతో పోయాడు. అదే ఏడాది మస్తానీ కూడా. ఆమె ఎలా పోయిందో చరిత్రకారులు ఒక మాట మీద లేరు. పుణెకి కొంత దూరంలో పాబల్‌లో ఆమె సమాధి ఉంది. మిగిలిన పిల్లాడు శంషేర్ బహాదుర్‌ని కాశీబాయే పెంచిందని చెప్తారు. ఆ పిల్లాడే పెద్దయ్యాక 1761లో మూడో పానిపట్ యుద్ధంలో మరాఠాల తరఫున పోరాడి, ఆ గాయాలతో చనిపోయాడు. నన్నడిగితే అసలు సినిమా అక్కడ మొదలవ్వాలి, కాశీబాయి ఆ పిల్లాడిని ఇంట్లోకి తీసుకున్న రోజు దగ్గర.

ఇదండీ. మీరు ఈ సినిమా చూసి ఉంటే ఎవరి వైపు నుంచి చూశారో ఒకసారి ఆలోచించండి. చూడకపోతే ఇంట్లో అమ్మతోనో, అమ్మమ్మతోనో కలిసి చూడండి, మధ్యలో వాళ్లు ఆపమంటే ఆపండి. మీ అభిప్రాయం నాకు చెప్పండి, నాతో ఒప్పుకోకపోయినా పర్లేదు. ఎపిసోడ్ నచ్చితే ఇంకొకరికి పంపించండి. అక్కా, నువ్వు ఇది చూస్తుంటే, ఈసారి దసరాకి కార్డు లేకుండానే రా. మళ్లీ కలుద్దాం, ఉంటాను. నమస్తే.