సున్నం రాజయ్య గారు, పదమూడు రోజులు, మన నాలుగు మండలాలు



మొన్న చింతూరులో మన పిల్లల మధ్య మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్లు అడిగారని ఇక్కడ పెడుతున్నా. దాదాపు మాట్లాడినట్టే ఉంచాను, తేదీలు మాత్రం సరిచూసుకున్నాను.

ఆగస్టు వచ్చిందంటే మన ఫోన్లలో సున్నం రాజయ్య గారి ఫోటో తిరుగుతుంది. మూడుసార్లు ఎమ్మెల్యే, అయినా బస్సెక్కి తిరిగాడు, సచివాలయానికి ఆటోలో వెళ్తే ఎమ్మెల్యే అని నమ్మక గేటు దగ్గర ఆపేశారు అని రాస్తాం. ఆ ఆటో సంగతి పేపర్లలో కూడా వచ్చింది. అంతా నిజమే. కింద దండం బొమ్మ పెట్టి, వేలితో పైకి తోసేసి ఇంకో వీడియోకి పోతాం. నాకు ఈ దండం మీదే కొంచెం కోపం ఉంది. మంచి మనిషి అని చెప్పుకుంటే మన పని అయిపోయిందనుకుంటున్నాం. ఆయన రాజకీయ జీవితంలో మనం గట్టిగా చదవాల్సిన పాఠం వేరే ఉంది. అది 2014లో ఉంది.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. భద్రాచలం ఎస్టీ సీటులో 1985, 89, 94 ఎన్నికల్లో కుంజా బొజ్జి గారు గెలిచారు. ఆ తర్వాత 1999లో, 2004లో రాజయ్య గారు. ఇద్దరూ మన కోయోళ్లే, ఇద్దరూ సీపీఎం. అంటే ఐదు ఎన్నికలు వరసగా ఈ సీటు డబ్బున్నోళ్ల చేతికి పోలేదు. 2009లో రాజయ్య గారు ఓడిపోయారు. 2014లో మళ్లీ గెలిచారు. తెలంగాణ మొదటి అసెంబ్లీలో సీపీఎంకి ఉన్నది ఆయనొక్కడే.

ఇప్పుడు తేదీలు చూడండి. 2014 ఏప్రిల్ 30న మనోళ్లు ఓటేశారు. చింతూరు, కూనవరం, వీఆర్‌పురం, భద్రాచలం రూరల్ ఊళ్లు అన్నీ లైన్లో నిలబడి వేశాయి. మే 16న ఫలితం వచ్చింది. మే 29న ఆర్డినెన్స్ వచ్చింది. పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి అని. మధ్యలో పదమూడు రోజులు! జూన్ 2న తెలంగాణ పుట్టేసరికి మనం అందులో లేం. జులైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది.

రాజయ్య గారి సొంతూరు సున్నంవారిగూడెం. అది వీఆర్‌పురం మండలం. అంటే ఏమైంది? తెలంగాణ అసెంబ్లీలో కూర్చున్న ఎమ్మెల్యే ఇల్లు ఆంధ్రాలో ఉంది. ఆయనకి ఓటేసిన వేలమంది ఆంధ్రాలో ఉన్నారు. ఈ నాలుగు మండలాల సంగతి ఆయన తన అసెంబ్లీలో ఎత్తితే, అది పక్క రాష్ట్రం విషయం. మనల్ని రంపచోడవరంలో కలిపారు గానీ, అప్పుడున్న రంపచోడవరం ఎమ్మెల్యేని ఎన్నుకున్నది మనం కాదు. 2019 దాకా అంతే. ఐదేళ్లు మనకి కలెక్టరు ఉన్నాడు, తహసీల్దారు ఉన్నాడు, మనం ఓటేసి గెలిపించిన మనిషి మాత్రం మన అసెంబ్లీలో లేడు. పని పడితే ఖమ్మం కాదు, మారేడుమిల్లి ఘాట్ దిగి కాకినాడ పోవాలి. నా టెన్త్ సర్టిఫికెట్లో ఒక జిల్లా, ఇంటర్లో ఇంకో జిల్లా, ఇప్పుడు ఆధార్లో మూడో జిల్లా. మా ఊరు మాత్రం అంగుళం కదల్లేదు. అది కదిలేది పోలవరం నీళ్లు వచ్చినప్పుడు.

ఇదంతా చేసేటప్పుడు ఎవర్ని అడిగారు? రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం సరిహద్దు మార్చే బిల్లు మీద రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి. అడగాలి, అంతే. ఒప్పుకోవాలని లేదు. విభజన చట్టం 90వ సెక్షన్ తీసి చదవండి. పోలవరానికి తెలంగాణ రాష్ట్రం సమ్మతి ఇచ్చినట్టే భావించాలి అని రాశారు. ఆ చట్టం చేసేనాటికి తెలంగాణ రాష్ట్రమే లేదు! పుట్టని బిడ్డ చేత సంతకం పెట్టించినట్టు. ఇక మన గ్రామసభ లెక్కలోకి ఎక్కడొస్తుంది.

మరి రాజయ్య గారు ఏం చేయగలిగారు? నిజం మాట్లాడుకుందాం. ముంపుకు వ్యతిరేకంగా రోడ్డు మీద నిలబడ్డారు, సభలో మాట్లాడారు. ఆగిందా? ఆగలేదు. 119 మందిలో ఒక్కడు. ఆ సభలో ఎస్టీ సీట్లు 12. ఆ పన్నెండు మంది పార్టీ పక్కన పెట్టి ముంపు మీద ఒక్క గొంతుగా నిలబడటం మనం చూడలేదు. ఎందుకంటే సీటు మనది, టికెట్ పార్టీది. విప్ జారీ అయితే నోరు కూడా పార్టీదే, కాదంటే పదో షెడ్యూల్ ఉంది. తమాషా ఏంటంటే, ఆ ఐదేళ్లలో పార్టీ మారి అధికారం వైపు దూకినవాళ్లు చాలామంది ఉన్నారు. దూకడానికి రాని భయం మన కోసం మాట్లాడటానికి వచ్చింది. రాజయ్య గారు దూకలేదు. అందుకు ఆయనకి నా దండం. కానీ ఒక్క నిజాయితీపరుడు సరిపోడు అని కూడా ఆ ఐదేళ్లే చూపించాయి.

2019లో ఆయన రంపచోడవరం నుంచి పోటీ చేశారు. సొంతూరు ఉన్న సీటది. ఓడిపోయారు. ఓడించినవాళ్లలో మనమూ ఉన్నాం, ఫోటో పెట్టేటప్పుడు అది కూడా రాయాలి కదా. 2020 ఆగస్టులో కరోనా ఆయన్ని తీసుకుపోయింది. రెండేళ్లకి, 2022 జులైలో, భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మన మండలాల్లో ఊళ్లకి ఊళ్లు మునిగాయి. ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీల జనం మమ్మల్ని తెలంగాణలో కలపండని అడుగుతున్నారు. రెండు అసెంబ్లీల్లో మొత్తం 19 ఎస్టీ సీట్లు ఉన్నాయి, తెలంగాణలో 12, ఆంధ్రాలో 7. ఈ ఐదు పంచాయతీల మాట ఎవరు ఎత్తాలి?

పార్టీ ఏదైనా ఎస్టీ ఎమ్మెల్యేలందరూ కూర్చోగలిగే చోటు ఒకటుంది. ఐదో షెడ్యూల్ ప్రకారం గిరిజన సలహా మండలి. ఇరవై మందికి మించకూడదు, అందులో నాలుగింట మూడొంతులు ఎస్టీ ఎమ్మెల్యేలే ఉండాలి. గవర్నర్ పంపిన విషయాల మీద సలహా ఇవ్వడమే దాని పని, పళ్లు లేని పులి అని నాకూ తెలుసు. అయినా అక్కడ మనోళ్లు ఏం మాట్లాడారో, అసలు వెళ్లారో లేదో మనలో ఎంతమంది అడిగాం? చింతూరు మీటింగులో ఈ ప్రశ్న వేస్తే ఒక్క చెయ్యి లేవలేదు. నేనూ గత ఏడాది దాకా అడగలేదు.

అందుకే సమాచార హక్కు దరఖాస్తు ఒకటి రాసి పెట్టాను. గత ఐదేళ్లలో మండలి ఎన్నిసార్లు కూర్చుంది, ఎవరెవరు వచ్చారు, పోలవరం నిర్వాసితుల గురించి ఏం తీర్మానించారు, మినిట్స్ కాపీ ఇవ్వండి అని. ఫీజు పది రూపాయలు. ఒక్కో ఊరి నుంచి ఒక్కో పేరుతో పోవాలి. ఆంధ్రా వైపు వాళ్లు ఇటు, దుమ్ముగూడెం, చర్ల, వాజేడు, వెంకటాపురం తమ్ముళ్లు అటు తెలంగాణకి వేయండి. కాగితం కావాల్సినవాళ్లు చింతూరు సంత రోజు నన్ను కలవండి, జిరాక్సులు తెస్తాను.

జై ఆదివాసీ.