బరువు మోసిననాడే తెలియు బ్యాటరీ బలము

ఎద్దును కొనబోవు రైతు కొమ్ములను, మూపురమును చూచి బేరము ముగింపడు. కాడి కట్టి నాలుగు చాళ్లు దున్నించి చూచును. బ్యాటరీ విషయమున మాత్రము మనము వోల్టుమీటరులో ఒక అంకెను చూచి తృప్తిపడుచున్నాము. ఆ అంకెను నమ్ముకొని నా మిత్రులొకరు అరకులోయలో ఒక చలిరాత్రి పెద్ద చిక్కులో పడిరి.

వారు తమ వ్యానులో రెండు పడకలు, చిన్న వంటగట్టు అమర్చుకొన్నారు. కాంపరు అని పిలుచు బండి అది. తల్లిగారికి ఊపిరితిత్తుల జబ్బు. రాత్రివేళ గాలినుండి ప్రాణవాయువును వేరుచేసి యిచ్చు యంత్రము దగ్గర నుండవలెను. దానికి 350 వాట్ల విద్యుత్తు కావలెను. బసచేసిన చోట కరెంటు ఉన్నది. అది పోయినచో రెండు గంటలైనను ఆదుకొనుటకు వ్యానులో 150 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ, ఇన్వర్టరు ఉన్నవి. బయలుదేరు ముందు మీటరు పెట్టి చూడగా 12.7 వోల్టులు. నిండు బ్యాటరీ చూపవలసిన అంకెయే అది.

రాత్రి ఒంటిగంటకు కరెంటు పోయినది. ఇన్వర్టరు భారమును అందుకొన్నది. ఎనిమిది నిమిషములు గడచునప్పటికి కీచుమని అరచి ఆగిపోయినది. మిత్రులు టార్చిలైటు వెలుతురులో మరల మీటరు పెట్టిరి. 12.3 వోల్టులు! బ్యాటరీలో బలమున్నట్లే కన్పించుచున్నది, యంత్రము మాత్రము నడువదు. ఇక ఆలోచింపక ఇంజను తిప్పి, ఆల్టర్నేటరు ఇచ్చు విద్యుత్తుతో యంత్రమును నడుపుచు, ఘాటు దిగి శృంగవరపుకోట చేరువరకు ఇంజను ఆపలేదు. తల్లిగారు క్షేమముగా నున్నారు.

మీటరు అబద్ధ మాడినదా? లేదు. మనము దానిని అడుగవలసిన ప్రశ్న అడుగలేదు. పూడిక పట్టిన చెరువును తలచుకొనుడు. అలుగు పారుచున్నది కావున చెరువు నిండినదందుము. నీటిమట్టము నిజమే; కాని అడుగున సగము మట్టియే. పైగా తూము మూసుకొనిపోయినచో ఉన్న నీరైనను కాలువకు వేగముగా రాదు. పని లేనప్పుడు చూపు వోల్టులు నీటిమట్టము వంటివి. ఎంత నీరున్నది, తూము ఎంత తెరపి ఇచ్చును అను సంగతులు వేరు.

సీసపు బ్యాటరీలో ఆరు ఘటము లుండును. ఒక్కొక్కటి నిండుగా నున్నప్పుడు ఇంచుమించు 2.1 వోల్టు లిచ్చును. ఫ్రాన్సు దేశీయుడైన ప్లాంటే 1859లో దీనిని నిర్మించిననాటినుండి మూలసూత్రము మారలేదు. విద్యుత్తు నిచ్చునపుడు పలకలపై సీసపు సల్ఫేటు ఏర్పడును; చార్జి చేయునపుడు అది మరల కరగిపోవును. అరకొర చార్జితో నెలల తరబడి వదలివేసినచో ఆ సల్ఫేటు గట్టి స్ఫటికములై పలకలను కప్పివేయును. పూడికయు నదే, తూమునకు అడ్డమును అదే. సెలవులకు మాత్రమే కదలు కాంపరు బండ్లలో ఈ జబ్బు ఎక్కువ. మా మిత్రుల వ్యాను వర్షకాల మంతయు కొట్టములోనే యుండెను.

మరియొక మెలిక కలదు. బ్యాటరీపై వ్రాసిన 150 అను అంకె సాధారణముగా 20 గంటల లెక్క, అనగా 7.5 ఆంపియర్ల చొప్పున తీసికొన్నపుడు వచ్చునది. వేగముగా తోడినకొలది మొత్తము తగ్గునని జర్మను శాస్త్రజ్ఞుడు పాయికర్ట్ 1897లో సూత్రీకరించెను. 350 వాట్ల యంత్రము ఇన్వర్టరు నష్టముతో కలిపి సుమారు 35 ఆంపియర్లు లాగును. ఆ లెక్కన మంచి బ్యాటరీ 110 ఆంపియర్-గంటలవరకు, అనగా మూడు గంటలు, ఇయ్యవలెను. చలిలో ఇంకను కొంత తగ్గును. ఎనిమిది నిమిషములు మాత్రము ఏ సూత్రమునకును అందవు.

తరువాత మే మిద్దరము ఆ బ్యాటరీని పరీక్షించితిమి. మొదట నిండుగా చార్జి చేసి, ఒక రాత్రి కదల్పక వదలితిమి. చార్జి ఆపినవెంటనే చూచినచో పలకల పైపై పొంగు వోల్టులను ఎక్కువ చేసి చూపును. పిమ్మట 60 వాట్ల కారు దీపమును కట్టితిమి. అది 5 ఆంపియర్లు తీసికొనును. అప్పుడు బ్యాటరీ కొసలవద్ద 12.4 వోల్టులు. తరువాత అసలు యంత్రమునే నడిపితిమి. 35 ఆంపియర్ల భారముపై 11.2. భారము 30 ఆంపియర్లు పెరిగినది, వోల్టులు 1.2 పడినవి, భాగింపగా 0.04 ఓము. ఇది బ్యాటరీ లోపలి నిరోధము. ఆరోగ్యముగల పెద్ద బ్యాటరీలో ఇది ఓమునందు వెయ్యింట కొలది వంతులే యుండును. తిరిగి చార్జి చేసి, దీపము నొక్కదానినే 10.5 వోల్టులు వచ్చువరకు వెలిగించితిమి. ముప్పది గంటలు వెలుగవలసినది అయిదు గంటలే వెలిగెను. 150 అని వ్రాసియున్న దానిలో మిగిలినది 25!

ఈ దీపపు పరీక్షను ఇంటి ఇన్వర్టరు బ్యాటరీకిని చేయవచ్చును. కాని ఇంత లోతుగా తోడుట బ్యాటరీకి శ్రమ. ఏటి కొకసారి చాలును, ముగిసినవెంటనే చార్జి చేయవలెను. మోటారు షాపువారు చేయు పదునైదు సెకండ్ల పరీక్ష వేరు. చలిలో ఇంజను తిప్పుటకు వ్రాసియున్న ఆంపియర్లలో సగము లాగి, వోల్టులు 9.6కు దిగకున్నచో బాగున్నదందురు. అది ఇంజను తిప్పు బ్యాటరీకి తగినదే. రాత్రి యంతయు బరువు మోయవలసిన దానికి ఆ మాట చాలదు.

బ్యాటరీని నిందించుటకు ముందు తీగెలను చూడుడు. యంత్రము నడచుచుండగా మీటరు ఒక కొసను బ్యాటరీ ధనధ్రువము మీద, మరియొకటి ఇన్వర్టరు ధనధ్రువము మీద పెట్టినచో తీగెలో పోవు వోల్టులు తెలియును. అర వోల్టు పోవుచున్నచో 35 ఆంపియర్లవద్ద 17 వాట్లు వేడిగా మారుచున్నవన్నమాట. ఆ బిగింపును ముట్టిన చేయి కాలును.

లిథియము ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలకు వోల్టుమీటరు ఇంకను తక్కువ సాయపడును. అవి దాదాపు చివరివరకు 13 వోల్టుల చుట్టుపట్లనే యుండి, ఆపై హఠాత్తుగా ఆగిపోవును. వానికి వచ్చిపోవు ఆంపియర్-గంటలను లెక్కపెట్టు పరికరము వేరుగా కావలెను.

పరీక్ష చేయువారు ఉంగరములు తీసివేయవలెను. చార్జి అగుచున్న సీసపు బ్యాటరీనుండి హైడ్రోజన్ వాయువు వచ్చును కావున, దగ్గర నిప్పుగాని, కొసవద్ద తీగె పెట్టి మెరుపు రప్పించుట గాని కూడదు.

మిత్రులు బ్యాటరీని మార్చిరి. ఇపుడు ఆరు నెలల కొకసారి తల్లిగారి యంత్రమునే కట్టి, మొదటి నిమిషము వోల్టులను, ఇరువదవ నిమిషము వోల్టులను ఒక నోటుపుస్తకములో వ్రాయుచున్నారు. మొదటి పుటలో 12.2, 12.0 అని యున్నవి. పడక క్రింద ఒక చిన్న ప్రాణవాయువు సిలిండరు కూడ పెట్టుకొన్నారు.