మైనస్ 33 నుంచి డల్లాస్‌కి: చలి వదిలిందా?

"మిన్నియాపొలిస్ ఎందుకు వదిలేశారు అన్నా?" అని చాలామంది అడుగుతున్నారు. చలికే. నాకోసం కాదు, అమ్మకోసం.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. ఏటా మార్చి ఎండల్లో కల్లంలో మిరపకాయలు ఆరబోసి, ఆ ఘాటులోనే తిరిగిన మనిషి మా అమ్మ. 2019 జనవరిలో మా దగ్గరుంది. 30వ తేదీన మైనస్ 33 డిగ్రీలు! మనింట్లో ఫ్రీజర్ మైనస్ 18, ఆలోచించండి. హీటర్ ఉంది, ఇల్లు వెచ్చగానే ఉంది. కానీ అమ్మ మూడు వారాలు గడప దాటలేదు. ఒకరోజు కిటికీ దగ్గర నిలబడి, "ఎండ కాస్తానే ఉంది, వేడి లేదేందిరా?" అంది.

ఆ మాటతోనే డల్లాస్‌లో ఉద్యోగం వెతికా. జీతం కాస్త తగ్గింది. టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి సర్దుకుంది.

ఇక చలి గొడవ లేదనుకున్నా. 2021 ఫిబ్రవరిలో అక్కడా మైనస్ 19! టెక్సాస్ గ్రిడ్ చాలావరకు విడిగా ఉంటుంది, పక్క రాష్ట్రాల నుంచి కరెంటు పెద్దగా తెచ్చుకోలేరు. లక్షల ఇళ్లు చీకట్లో. మిన్నెసోటా ఇళ్లు చలికి కట్టినవి, ఇక్కడివి ఎండకి. మా పైపు పగిలింది. నిజం చెప్తున్నా, మిన్నెసోటాలో కూడా నేనంత వణకలేదు. షిఫ్ట్ అయ్యేవాళ్లు వెదర్ యాప్ ఒక్కటే చూడకండి, ఇల్లు, కరెంటు గురించి కూడా అడగండి.

2022 జులైలో అమ్మ మళ్లీ వచ్చింది. 40 డిగ్రీలు. బాల్కనీలో చల్ల మిరపకాయలు ఎండబెట్టి, "రెంటచింతల ఎండ ముందు ఇదెంత!" అంది.