నౌకాధికారుల పరీక్షలు – మాఱుచున్న నిబంధనలు

(చిక్కడపల్లిలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభ యందు చేసిన ఉపన్యాసము)



వాణిజ్యనౌకలలో అధికారులగుటకు వ్రాయవలసిన పరీక్షలను గూర్చి మాట్లాడుదుమని మేము తెలిపినప్పుడు మన కార్యదర్శిగారు చిఱునవ్వు నవ్విరి. సముద్ర మిచ్చటికి రోడ్డుమార్గమున 300 కిలోమీటర్లకు పైబడి యున్నది. నారాయణగూడ పాఠశాలలో ముప్పదియేండ్లు శబ్దమంజరి చెప్పుకొనిన పంతులునకు ఓడలతో పని యేమని వారి భావము. న్యాయమైన ప్రశ్నయే. అమరకోశమున వారివర్గము నందు ఓడ నడుపువారికి నియామకులని పేరు. నియమమునకును నియామకునకును మూలధాతు వొక్కటియే. నేడు అశోక్‌నగరు వీధులలో నియామకము లనగా సర్కారు కొలువులని మాత్రమే యర్థము. ఈ రెండవ యర్థము కొఱకు వృద్ధులగుచున్న మన పిల్లలకు మొదటి యర్థమును జ్ఞాపకము చేయవలెనని మా కోరిక.

వృద్ధులనుట అతిశయోక్తి కాదు. నగర కేంద్ర గ్రంథాలయమునకు ప్రొద్దుననే పోయి చూడుడు. కుర్చీ దొరకదు. ఇరుకుగదులలో నలుగురైదుగురు కలిసియుండి, మెస్సులలో తిని, నాలుగైదేండ్లు గడుపుచున్నవారు మన కులము వారే ఎందఱో కలరు. గ్రూపు-1 ప్రిలిమినరీ పరీక్ష 2022 అక్టోబరు 16న జరిగి, ప్రశ్నపత్రములు వెలుపలికి పొక్కుటచే 2023 మార్చిలో రద్దయ్యెను. 2023 జూన్ 11న మరల జరిగెను. దానిని హైకోర్టు రద్దుపఱచెను. క్రొత్త ప్రకటన క్రింద 2024 జూన్ 9న మూడవమాఱు జరిగెను. చదివినవాని దోష మెంతమాత్రము లేకయే ఏండ్లు గడచిపోయినవి.

మన విద్యానిధి నుండి ఋణములు ఇంతవఱకు ఈ పరీక్షలకును కళాశాల చదువులకును మాత్రమే యిచ్చుచున్నాము. నౌకాశిక్షణకు కూడ ఇయ్యవలెనను తీర్మానము రేపు మీ ముందునకు వచ్చుచున్నది. దానిని సమర్థించుటకే మేము నిలుచున్నాము. కాని కన్నులు మూసికొని సమర్థించుట లేదు.

మొదట పెద్దల యాక్షేపము. సముద్రయానము పాతిత్యహేతువులలో నొకటిగా బౌధాయనధర్మసూత్రమున లెక్కింపబడిన మాట నిజమే. అయితే ఆ గ్రంథమే సముద్రమునకు పోవుట ఉత్తరదేశీయుల ఆచారమని కూడ చెప్పుచున్నది; జనులు పోవుచుండిరి గనుకనే కదా నిషేధము! మనుధర్మశాస్త్రమునందు నావికుల దోషముచే నష్టమైన సరకును నావికులందఱు కలిసి యిచ్చుకొనవలెననియు, దైవికమైన ఆపదకు దండన లేదనియు కలదు. మన తెలుగుదేశముననే కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవులో శాసనము వేయించెను. పూర్వరాజులు తుపానుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును దోచుకొనుచుండగా, ఆయన నిర్ణీతమైన సుంకము మాత్రమే గైకొని సాంయాత్రికులకు అభయ మిచ్చెను. రేవునకు నియమములు వ్రాసిన రాజు మనవాడే. ఇంతకంటె ఈ యాక్షేపముపై కాలము వ్యయము చేయము.

ఆపద కలిగిన పిమ్మట దండించుట పాతపద్ధతి. ఓడ నెక్కుటకు ముందే వాని యోగ్యతను పరీక్షించుట క్రొత్తపద్ధతి. ఇంగ్లండులో 1850 నాటి చట్టముచే విదేశములకు పోవు ఓడల కప్తానులకును మేటులకును పరీక్ష నిర్బంధమైనది. మన దేశమున భారతీయులకు అధికారిపదవుల త్రోవ చాల ఆలస్యముగ తెఱవబడెను. 1927లో బొంబాయి రేవున డఫరిన్ అను శిక్షణనౌక యేర్పడిన పిమ్మట గాని మన యువకులు క్రమముగ ఆ విద్య నేర్చుట మొదలు కాలేదు. స్వతంత్ర భారతమున కట్టిన మొదటి పెద్ద ఆవిరియోడ జలఉష 1948లో విశాఖపట్టణముననే నీటిలో దిగెను. దానిని తలచుకొని తెలుగువారు గర్వించుటయే కాని, దాని వంతెనపై నిలుచు విద్యను గూర్చి మన యిండ్లలో మాట్లాడుకొనుట తక్కువ.

ఇప్పుడు నిబంధనల మాట. ఈ పరీక్షల నిబంధనలు ఏల మాఱుచుండును? ఎచ్చటనో ఓడ మునుగును; కొన్నియేండ్లకు ఎచ్చటి విద్యార్థికో ఒక పాఠము పెరుగును. 1967లో టోరీ కాన్యన్ అను చమురునౌక, త్వరగా చేరవలెనని దగ్గఱి త్రోవ పట్టి, ఇంగ్లండు తీరమున రాళ్లకు కొట్టుకొని లక్ష టన్నులకు పైబడిన ముడిచమురు నొలకబోసెను. ఇట్టి యనుభవముల ఫలముగ 1978లో నావికుల శిక్షణ, ధ్రువపత్రములు, కావలి విషయమై అంతర్జాతీయపు టొడంబడిక కుదిరెను. దానిని ఎస్.టి.సి.డబ్ల్యు. అందురు. అది 1984లో అమలునకు వచ్చెను. 1995లో దానిని ఇంచుమించు తిరుగవ్రాసిరి. అంతకుముందు ఏమి చదివితివని యడిగెడివారు. అటుపిమ్మట ఏమి చేయగలవని యడుగసాగిరి. 2010లో మనీలా నగరమున మరల సవరించిరి. విద్యుత్సాంకేతికాధికారి యను క్రొత్తపదవి దానివలననే పుట్టినది. ఎలక్ట్రానిక్ పటముల శిక్షణ కూడ అందులో చేరినది. కావలివానికి ఇరువదినాలుగు గంటలలో పదిగంటలు, వారమున డెబ్బదియేడు గంటలు విశ్రాంతి యుండవలెనని నియమించిరి. ఆ యొడంబడికను నేడు మరల సమగ్రముగ పరిశీలించుచున్నారు. మన పార్లమెంటు కూడ 1958 నాటి చట్టమునకు మాఱుగా 2025లో క్రొత్త వాణిజ్యనౌకా చట్టమును ఆమోదించినది. చట్టము మాఱినచో దాని క్రింది నియమావళి మాఱక మానదు. కావున నేడు చేరు బాలుడు చేరినప్పటి నియమములతోనే చివరి పరీక్ష వ్రాయునని యెవ్వరును పూచీపడజాలరు.

అయినను ఇందులో మాకు నచ్చిన ధర్మ మొకటి కలదు. నియమము మాఱినప్పుడు నడిత్రోవలో నున్నవానిని ముంచరు. 1995 సవరణమున, 1998 ఆగస్టు 1కి పూర్వము ఆమోదితమైన సముద్రసేవ గాని శిక్షణము గాని మొదలిడినవారికి 2002 ఫిబ్రవరి 1 వఱకు పాతపద్ధతి ననుసరించి పత్రములీయవచ్చు ననిరి. మనీలా సవరణమున 2013 జూలై 1కి పూర్వము మొదలిడినవారికి 2017 జనవరి 1 వఱకు గడువిచ్చిరి. ఆ గడువు ముగిసినను, పత్రములు సకాలమున అందనివారి యెడల తనిఖీదారులు మఱి యాఱుమాసములు ఉదారముగ నుండవలెనని అంతర్జాతీయ సముద్రసంస్థ సలహా యిచ్చెను. మన వీధులలోని పరీక్షలకు ఇంతపాటి కనికరము కలిగిన బాగుండునని మాకు తోచును.

గడువు లున్నవి కాని వానిని చదువువా రేరీ? మా పూర్వశిష్యు డొకడు, నల్లగొండ జిల్లావాడు, మెకానికల్ ఇంజనీరింగు చదివి రెండేండ్లు అశోక్‌నగరు గదిలో గడపెను. ఒక దళారి మాట విని తండ్రి అరయెకరము అమ్మి ఆఱు లక్షలు కట్టెను. ఆ శిక్షణాలయమునకు నౌకాయాన డైరెక్టరేటు ఆమోదము లేదు. అది యిచ్చిన కాగితము ఏ ఓడ కంపెనీయు చూడలేదు. మరల ఆమోదము గల చోట చేరి ఇంచుమించు ఏడాది చదివెను. పిమ్మట ఓడ దొరకుటకు పదునొకండు మాసములు పట్టెను. ఇది యందఱును ఎఱుగవలసిన విషయము: శిక్షణము ముగిసినంత మాత్రమున పరీక్షకు పోరాదు. ఓడపై నిర్ణీతకాలము పనిచేసిన లెక్క యుండవలెను. ఇంజనీరింగు పట్టభద్రునకు ఆఱుమాసములు. నౌకాశాస్త్రపు డిప్లొమా మార్గమున డెక్కు పైకి పోవువానికి పదునెనిమిది మాసములు. ఓడలో చోటు దొరకక పరీక్షకు దూరమైనవారు పెక్కుమంది.

వాడు సముద్రసేవ ముగించుకొని వచ్చునప్పటికి కోర్సుల విషయమై క్రొత్త యుత్తరువు వచ్చియుండెను. తోడివారు చెప్పగా విని, మఱొక కోర్సునకు సొమ్ము కట్టి మూడు మాసములు పోగొట్టుకొనెను. తీరా ఆ యుత్తరువును మాయొద్దకు తెచ్చి, “మాస్టారూ, దీని యర్థ మేమి?” అని యడిగెను. ఆంగ్లమున మా పాండిత్య మంతంతమాత్రము. అయినను సూత్రము చదువువానికి అపవాదము వెదకుట అలవాటు. చివరి పుట చూచితిమి. ఫలానా తేదీకి పూర్వము చేరినవారికి ఇది వర్తింపదని యొక వాక్యము! వాడు అంతకు ఎనిమిది నెలల ముందే చేరినవాడు. వాడు నవ్వెనో యేడ్చెనో మాకు తెలియలేదు.

తుదకు చెన్నపట్టణమున వ్రాతపరీక్షయు మౌఖికపరీక్షయు ఇచ్చెను. మౌఖికమున ఒకసారి తప్పి రెండవసారి నెగ్గెను. ఈ మౌఖికపరీక్ష యన్న పిల్లలకు హడలు; మాకు మాత్రము ముచ్చట. డెక్కు అధికారులకు ఓడలు ఢీకొనకుండు నియమములు కంఠస్థము కావలెను. 1972 నాటి వానిలో 38 సూత్రములు, పిమ్మట మూడు చేరి 41. ఎదురెదురుగా వచ్చు యంత్రనౌకలు రెండును కుడికి తొలగవలె ననుట అందొకటి. వల్లించుట వలన ప్రయోజనము లేదని మమ్ము ముప్పదియేండ్లు ఆక్షేపించినవారు ఆ పరీక్షకుల యెదుట కూర్చుండి చూడవలెను.

ఇక తీర్మానమునకు రెండు సవరణలు కోరుచున్నాము. ఋణము ఏజెంటు పేర ఇయ్యరాదు, విద్యార్థి పేర కూడ ఇయ్యరాదు. డైరెక్టరేటు ఆమోదించిన శిక్షణాలయముల పట్టికలో పేరు చూచుకొని, నేరుగా ఆ శిక్షణాలయమునకే చెల్లింపవలెను. అంతకు ముందు బాలునకు కంటిపరీక్ష చేయింపవలెను. ఎఱుపును పచ్చను వేఱుపఱుపలేని కన్ను ఓడదీపములను గుర్తింపజాలదు. అట్టివానికి డెక్కు పదవి లేదు. సొమ్ము కట్టిన పిమ్మట ఈ సంగతి తెలిసినవా రిద్దఱను మేమెఱుగుదుము.

ఋణపు గడువును కూడ ఆలోచింపుడు. కొలువు దొరకినను ధ్రువపత్రము శాశ్వతము కాదు. అయిదేండ్లకొకమాఱు, ఆ యయిదేండ్లలో ఏడాదియైనను సముద్రసేవ చూపి, నూతనపఱచుకొనవలెను. మాసముల తరబడి యింటికి దూరము. తండ్రి చనిపోయినను వెంటనే రాలేని కొలువది. ఇది దాచిపెట్టి పిల్లలను పంపుట ధర్మము కాదు. ఓడ దొరకు వఱకు, కనీస మొక యేడాది, వాయిదాలు అడుగకుండుట మంచిది.

మా శిష్యుడు ప్రస్తుతము సముద్రముపై నున్నాడు. క్రొత్త యుత్తరువులు వచ్చినప్పుడు మన వసతిగృహపు పలకపై నంటించుటకు ప్రతులు పంపుదునని వ్రాసినాడు. వానిని చదివి చెప్పుటకు ఆదివారములు ప్రొద్దున మేమచ్చట కూర్చుందుము. ఆంగ్లము బాగుగ వచ్చినవా రొకరు తోడుండవలెను. సిద్ధపడువారు సభానంతరమున మాకు పేరు తెలుపగోరెదము.