ఓట్ల లెక్క అయిపోయాక మన గూడెం
(సంఘం వార్షికోత్సవం సందర్భంగా యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మేము ఆట గురించి, పాట గురించి, మన కోయ మాట గురించి మాట్లాడుతుంటాం. ఈసారి ఎన్నికల గురించి మాట్లాడతామంటే కొందరు పెద్దలు "సాంస్కృతిక సంఘానికి రాజకీయం ఎందుకు?" అన్నారు. సర్పంచ్ ఎన్నిక అయ్యాక గూడెంలో మొదట చీలేది మన ఆటే, అందుకు. డోలు కొట్టేవాళ్లు ఒక వర్గం, కొమ్ములు కట్టేవాళ్లు ఇంకో వర్గం అయితే కొమ్ము కోయ ఆట ఎట్లా సాగుతుంది? కొత్తల పండుగకు రెండు చోట్ల పొయ్యి వెలిగితే ఏ పొయ్యి దగ్గర కూర్చుంటాం?

షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్పంచ్ పదవులన్నీ గిరిజనులకే రిజర్వు. కాబట్టి గెలిచినవాళ్లూ మనవాళ్లే, ఓడినవాళ్లూ మనవాళ్లే. ఒకరు అన్నదమ్ముల గట్టు, ఇంకొకరు వియ్యాలవారి గట్టు. ప్రచారం రోజుల్లో మాత్రం పై వాడ, కింది వాడ అంటారు. చర్చికి పోయేవాళ్లు, వేల్పును కొలిచేవాళ్లు అంటారు. ఆ మాటలు ఎక్కించినవాళ్లు లెక్కింపు కాగానే జీపెక్కి పోతారు. ఆ మాటలు మన మధ్యనే ఉండిపోతాయి.

ఓడిన పక్షం పిల్లలకు అప్పుడు రెండే సలహాలు వినిపిస్తాయి. పెద్దలు "అయిందేదో అయింది, నోరు మూసుకుని పని చూసుకోండి" అంటారు. దోస్తులు "చూద్దాం పద, వాళ్ల సంగతి" అంటారు. మొదటి దారిలో పోతే అన్యాయం జరిగినా అడిగేవాడు ఉండడు. రెండో దారిలో పోతే కేసులు పడతాయి, కోర్టు వాయిదాలకు తిరిగే ఖర్చుకు మేకలు అమ్ముకోవాలి. ఈ రెండూ కాని దారి ఒకటి ఉంది. ఆ దారిలో నడిచిన ఒక దేశం సంగతి చెబుతాం.

ఆఫ్రికాలో మలావీ అని చిన్న దేశం. పెద్ద సరస్సు పక్కన పొడుగ్గా ఉంటుంది. జనం ఎక్కువమంది మొక్కజొన్న పండించుకుని బతికేవాళ్లు. చెవా, లోమ్వే, యావో, టుంబుకా, ఇట్లా చాలా తెగలు. ఓట్లు కూడా చాలావరకు ఉత్తరం, మధ్య, దక్షిణం అని ప్రాంతాల వారీగా, తెగల వారీగా చీలుతుంటాయి. 2019 మే 21న అక్కడ అధ్యక్ష ఎన్నిక జరిగింది. అప్పటికే అధికారంలో ఉన్న పీటర్ ముతారికా దక్షిణం మనిషి. ఆయనకు 38 శాతం పైగా ఓట్లు వచ్చాయని, మధ్య ప్రాంతం నుంచి వచ్చిన లాజరస్ చక్వేరాకు 35 శాతం పైగా వచ్చాయని ప్రకటించారు. తేడా సుమారు 1,59,000 ఓట్లు.

గొడవ ఎక్కడ మొదలైందంటే, పోలింగ్ కేంద్రాల్లో ఓట్లు లెక్కపెట్టి రాసిన కాగితాల మీద చాలాచోట్ల వైట్‌నర్ పూసి అంకెలు మార్చి ఉన్నాయి. మన ఆఫీసుల్లో తప్పు పడితే చెరపడానికి వాడే ఆ తెల్ల రంగే. అక్కడివాళ్లు దాన్ని టిప్పెక్స్ అంటారు, అందుకే ఆ ఎన్నికకు టిప్పెక్స్ ఎన్నిక అని పేరు పడింది.

ఓడిపోయామని విన్నవాళ్లు ఇంట్లో కూర్చోలేదు. నెలల తరబడి ఊరేగింపులు తీశారు. అదే సమయంలో చక్వేరా, మూడో స్థానంలో వచ్చిన సౌలోస్ చిలిమా కోర్టుకు పోయారు. తమ్ముళ్లూ, ఇక్కడ జాగ్రత్తగా వినండి. కోర్టులో పనికొచ్చింది నినాదం కాదు, కాగితం. ప్రతి కేంద్రంలో పార్టీల తరఫున కూర్చున్న మనుషులు, వాళ్లు చూసి సంతకం పెట్టిన లెక్కలు, అసలు కాగితం ఏది, దాని బదులు పెట్టిన కాగితం ఏది, ఏ అంకె మీద రంగు పూశారు, ఎవరు సంతకం పెట్టలేదు, ఇవే నెలల తరబడి విచారణలో నలిగాయి. పొద్దంతా ఆకలితో ఆ బల్ల దగ్గర కూర్చున్న మామూలు ఏజెంటు లేకపోతే ఏ పెద్ద లాయరూ ఏమీ చేయలేడు.

2020 ఫిబ్రవరి 3న అయిదుగురు జడ్జీలు తీర్పు చెప్పారు. వాళ్లను ఆ రోజు సైనిక కాపలాతో కోర్టుకు తీసుకొచ్చారంటే పరిస్థితి ఎట్లా ఉందో అర్థం చేసుకోండి. తీర్పు చదవడానికే గంటలకు గంటలు పట్టింది. ఎన్నిక చెల్లదన్నారు. ఇక మీదట గెలవాలంటే సగం కంటే ఎక్కువ ఓట్లు రావాలన్నారు. ఈ రెండో మాట చాలా పెద్దది. ఒక్క ప్రాంతం, ఒక్క తెగ ఓట్లతో గెలిచే దారి దాంతో మూసుకుపోయింది, పక్కవాళ్ల గడప తొక్కక తప్పదు. కోవిడ్ రోజుల్లోనే, జూన్ 23న మళ్లీ ఓట్లు వేశారు. చక్వేరాకు 58 శాతం పైగా వచ్చాయి. చిలిమా ఆయనతో కలిసి ఉపాధ్యక్షుడిగా నిలబడ్డారు.

ఈ కథలో చీకటి భాగం దాచిపెట్టి చెప్పడం మాకు ఇష్టం లేదు. 2019 అక్టోబర్‌లో న్సుండ్వే అనే చోట అల్లర్లలో రాళ్ల దెబ్బలకు ఒక పోలీసు చనిపోయాడు. తర్వాత పోలీసులు ఆ చుట్టుపక్కల ఊళ్ల మీద పడి ఆడవాళ్ల మీద, చిన్న ఆడపిల్లల మీద అత్యాచారాలు చేశారు. వాళ్లకు పరిహారం ఇవ్వాలని కోర్టు చెప్పడానికి 2020 ఆగస్టు దాకా పట్టింది. రాయి విసిరిన చేతులు ఎవరివో, బాధ పడింది ఎవరో చూడండి. మన ప్రాంతంలో పోలీసు క్యాంపుల పక్కన బతికేవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. 2025 సెప్టెంబర్‌లో మలావీలో మళ్లీ ఎన్నిక జరిగింది. ఈసారి ముతారికాకు 56 శాతం పైగా ఓట్లు వచ్చాయి, చక్వేరా చిత్తుగా ఓడారు. అధికారిక ప్రకటన రాకముందే ఆయన ఓటమి ఒప్పుకున్నారు. లెక్క తప్పని తెలిసినప్పుడు ఒప్పుకోనన్న మనిషే, జనం తీర్పు తేలిపోయాక ఒప్పుకున్నాడు. మాకు 2020 గెలుపు కంటే ఇదే పెద్దగా కనిపిస్తుంది. అడిగే హక్కు ఉన్నవాడికి, జవాబు వచ్చాక దాన్ని ఒప్పుకునే బాధ్యత కూడా ఉంటుంది.

"అది దేశాధ్యక్షుడి ఎన్నిక, మన చిన్న పంచాయతీకి ఎవరు పట్టించుకుంటారు?" అని మీలో ఎవరైనా అనుకుంటుంటే, హర్యానాలో పానిపట్ జిల్లా బువానా లఖూ ఊరి సంగతి వినండి. 2022 నవంబర్‌లో అక్కడ సర్పంచ్ ఎన్నిక జరిగింది. ఓడిపోయాడని ప్రకటించిన అభ్యర్థి ఒక బూత్ లెక్క మీద పిటిషన్ వేశాడు. కింది ట్రిబ్యునల్ ఆ బూత్ ఓట్లు మళ్లీ లెక్కపెట్టమంది, హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది, అతను సుప్రీంకోర్టుకు పోయాడు. 2025 ఆగస్టులో ఓటింగ్ యంత్రాలను ఢిల్లీ తెప్పించి, ఇరుపక్షాల ఎదుట, వీడియో తీస్తూ, అన్ని బూత్‌ల ఓట్లూ లెక్కపెట్టారు. అతనికి 1,051, గెలిచాడని చెప్పిన వ్యక్తికి 1,000. ఒక్క ఊరి సర్పంచ్ పదవికి సుప్రీంకోర్టు ఆవరణలో లెక్కింపు! కానీ అప్పటికి దాదాపు మూడేళ్లు గడిచిపోయాయి. అయిదేళ్ల పదవిలో సగం కంటే ఎక్కువ. కాబట్టి కోర్టు దారి ఉంది, అది పొడుగు దారి. గూడెంలోనే, ఆ రోజే తేల్చుకోగలిగింది అక్కడే తేల్చుకోవడం మేలు.

మన పంచాయతీల్లో ఇంకా కాగితపు బ్యాలెట్టే. పోలింగ్ అయిన రోజే లెక్కింపు. అభ్యర్థి తరఫున లెక్కింపు దగ్గర కూర్చునేది ఎవరు? చాలాసార్లు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు. ఇకనుంచి డిగ్రీ చదివిన చెల్లెల్ని కూర్చోబెట్టండి. చెల్లని ఓటు అని పక్కన పెట్టిన ప్రతి కాగితం ఎందుకు చెల్లదో ఆమె అడగాలి. అంకెలు తన నోట్‌బుక్‌లో రాసుకోవాలి. అనుమానం ఉంటే ఫలితం ప్రకటించక ముందే, కారణం చూపి, రాతపూర్వకంగా రీకౌంటింగ్ అడగాలి. ప్రకటన అయ్యాక అధికారి మీద అరిస్తే లాభం లేదు. రాజ్యాంగం 243-ఓ అధికరణం ప్రకారం పంచాయతీ ఎన్నికను ప్రశ్నించాలంటే ఎన్నికల పిటిషన్ ఒక్కటే దారి. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకైతే హైకోర్టులో 45 రోజుల గడువు. పంచాయతీకీ గడువు రోజుల లెక్కలోనే ఉంటుంది. పండుగ అయ్యాక చూద్దాం అనుకుంటే తలుపు మూసుకుపోతుంది.

ఇంతవరకు లెక్క తప్పినప్పటి సంగతి. లెక్క సరిగ్గానే ఉండి, గూడేన్ని చీల్చి గెలిచిన గెలుపైతే? ఇదే కష్టమైన ప్రశ్న, ఎక్కువగా ఎదురయ్యేదీ ఇదే. ఆ ఫలితాన్ని మార్చలేం, మార్చాలని చూడకూడదు కూడా. కానీ సర్పంచ్‌గా ఒప్పుకోవడం వేరు, ఆ చీలికను ఒప్పుకోవడం వేరు. "మీరు మాకు ఓటెయ్యలేదు, మీ వాడకు బోరు రాదు" అన్నప్పుడు తల వంచుకుని ఇంటికి పోవాల్సిన పని లేదు.

1996 పెసా చట్టం ఇక్కడే మనకు అండ. అభివృద్ధి పనుల ప్రణాళికలు ముందు గ్రామసభ ఆమోదించాలి. పథకాల లబ్ధిదారులను గుర్తించేది గ్రామసభ. ఖర్చయిన డబ్బు సరిగ్గా ఖర్చయిందని పంచాయతీ గ్రామసభ దగ్గరే ధ్రువపత్రం తీసుకోవాలి. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఎవరికి ఓటేశారని ఆ చట్టం అడగదు. ఓడిన పక్షం అలిగి గ్రామసభకు రాకపోవడం మేము చూస్తూనే ఉన్నాం. అలిగినవాళ్లు లేని సభలో తీర్మానం పది నిమిషాల్లో అయిపోతుంది, సంతకాలు తర్వాత ఇళ్లకు తిరిగి పెట్టించుకుంటారు. గెలిచిన వర్గానికి ఇంతకంటే సుఖం ఏముంది?

గెలిచిన పక్షం పిల్లలకూ ఒక మాట. మీ సర్పంచ్‌ను మీరే అడగాలి. అవతలి వాడ బోరు గురించి ఇవతలి వాడ పిల్లవాడు లేచి అడిగిన సభలో పక్షాల గీత అక్కడికక్కడే చెరిగిపోతుంది. దానికి ధైర్యం కావాలి, ఇంట్లో తిట్లు కూడా పడతాయి.

సంఘం తరఫున మేము ఒక నిర్ణయం తీసుకున్నాం. ఈ ఏడాది కొత్తల పండుగకు ఏ గూడెంలోనైనా రెండు ఆటలు పెట్టుకుంటే, ఆ రెండింటికీ మా డోళ్లు, కొమ్ములు ఇవ్వం. ఒక్క ఆటకే ఇస్తాం. ఆ ఆటలో రెండు వాడల వాళ్లూ ఉండాలి. కోపం వచ్చినా సరే, ఆ కోపంతోనే రండి, కూర్చుని మాట్లాడదాం.

భోజనాలయ్యాక పక్క గదిలో కూర్చుందాం. గ్రామసభ తీర్మానం నకలు, పంచాయతీ ఖర్చుల లెక్క సమాచార హక్కు కింద ఎట్లా అడగాలో దరఖాస్తు రాయిస్తాం. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని చట్టం. కాగితాలు మేము తెచ్చాం, పెన్నులు మీరు తెచ్చుకోండి. ఒక గూడెం నుంచి ఇద్దరు రండి, ఇద్దరూ ఒకే వర్గం వాళ్లు కాకుండా చూసుకోండి.